పందికి పెట్టిన తీగకు ఎవరైనా పడొచ్చు: అడవి పక్క ఊళ్ళలో అపోహలు, వాస్తవాలు

మక్కలు పాలకంకి మీదికొచ్చాయంటే నాకు రాత్రి ఫోన్లు మొదలైనట్టే. ములుగు, భూపాలపల్లి వైపు అడవిని ఆనుకున్న ఊళ్ళలో తిరగడమే నా పని. పశువు పోయినా, చేను పోయినా, పులి అడుగు కనబడినా వెళ్ళి రైతు పక్కన కూర్చుని అర్జీ రాయించడం, ఊరికీ ఫారెస్టు వాళ్ళకూ మధ్య మాట కలపడం. ఏ ఊరికి పోయినా అవే మాటలు వినిపిస్తాయి, వాటిలో కొన్ని నిజంగానే ప్రాణాలు తీస్తున్నాయి, అందుకే రాస్తున్నాను.

అపోహ: చేను మీద పడే అడవి పందికి కరెంటు తీగ పెడితే పందే పోతుంది, తెల్లారకముందే తీసేస్తే ఎవరికీ ఏం కాదు.

ఒక తెల్లవారుజామున చూసింది చెప్తాను. మక్క చేను గెట్టు వెంట జానెడు పొడుగు కట్టెలు పాతారు, ఒక్కో కట్టెకు పగిలిన సీసా మెడ తొడిగారు, దాని మీదుగా మోకాలి కింద బైండింగ్ వైరు లాగారు. రెండో చివర మోటారు స్టార్టర్ దగ్గరికి పోయింది. మంచు పడి గడ్డి తడిగా ఉంది, టార్చిలైటు వేసినా ఆ వైరు కనబడలేదు, ముందు నడుస్తున్న లైన్‌మన్ ఆగు అని అరిచాడు కాబట్టి ఆగాను. పందికి కనబడకూడదని పెట్టిన తీగ మనిషికి మాత్రం ఎలా కనబడుతుంది? పక్క చేనుకు నీళ్ళు పెట్టడానికి వచ్చినవాళ్ళు, చేపలకు పోయే పిల్లలు, తెల్లారి తీగ తీద్దామని పోయి స్విచ్ బంద్ చేయడం మరిచిన చేను యజమానే, ఇలా పోయినవాళ్ళు ఉన్నారు. పులులు, చిరుతలు, ఎలుగుబంట్లు కూడా ఇలాంటి తీగలకే పడుతున్నాయి.

కేసు సంగతి కూడా తెలియాలి. పులి, చిరుత, ఎలుగుబంటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, 2022 సవరణ ప్రకారం వాటిని చంపితే మూడు నుంచి ఏడేళ్ళ జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా. మనిషి పోతే అది వేరే కేసు, కరెంటు దొంగతనం ఇంకో కేసు. పది క్వింటాళ్ళ మక్కలు కాపాడుకుందామని పోయి ఇల్లు మొత్తం కోర్టు చుట్టూ తిరగడం నేను చూశాను.

అపోహ: సోలార్ కంచె కూడా కరెంటే కదా, రెండూ ఒకటే.

కాదు. లైను కరెంటు ఆగకుండా పారుతుంది, కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్న చెయ్యి వదలదు. సోలార్ కంచెలో ఎనర్జైజర్ అనే డబ్బా బ్యాటరీ కరెంటును సెకనుకు ఒక్కసారి, కంటిరెప్ప కొట్టేంత కూడా కాదు, చిన్న దెబ్బగా వదులుతుంది. దెబ్బ గట్టిగానే తగులుతుంది, మధ్యలో సందు ఉంటుంది కాబట్టి తగిలిన జీవి వెనక్కి దూకుతుంది. కానీ డబ్బా పాడైందని అదే కంచెకు లైను కరెంటు కలిపేవాళ్ళు ఉన్నారు, అప్పుడు అది ప్రాణాలు తీసే తీగే, పైన సోలార్ ప్యానెల్ ఉన్నంత మాత్రాన మారిపోదు.

అపోహ: పులులను ఫారెస్టోళ్ళే లారీల్లో తెచ్చి వదులుతున్నారు.

దీనికి చాలామంది ఒట్టు వేసి మరీ చెప్తారు. కానీ పులులు నడిచే వస్తున్నాయి. రెండేళ్ళ వయసు వచ్చాక పిల్ల తల్లిని వదిలి సొంత జాగా వెతుక్కోవాలి, మహారాష్ట్రలో తడోబా లాంటి పులుల అడవుల్లో ఇప్పటికే జాగాలు నిండిపోయాయి, అందుకే ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ అడవుల్లోకి, అక్కడి నుంచి ఇంకా కిందికి వస్తాయి. 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన కవ్వాల్‌కు కూడా ఈ దారే ఆధారం. ఇటు ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి గోదావరి దాటి వచ్చేవీ ఉన్నాయి. 2024 డిసెంబర్‌లో వరంగల్ జిల్లా నల్లబెల్లి మండలంలో పులి అడుగులు కనబడ్డప్పుడు ఇక్కడ ఎంత టెన్షన్ పడ్డారో నాకు గుర్తుంది. పులి చారలు మనిషి వేలిముద్రల లాంటివి, ఒకదానివి ఇంకోదానికి కలవవు. అక్కడి అడవిలో పెట్టిన కెమెరాలో పడ్డ చారలను ఇక్కడి ఫొటోతో పోల్చి ఏ పులి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తారు.

అపోహ: పులి ఊరి దగ్గరికి వచ్చిందంటే మనుషుల కోసమే.

ఎక్కువసార్లు అది పంది కోసమో గొడ్డు కోసమో వస్తుంది, లేదా దాటిపోతుంది. అలాగని ప్రమాదం లేదని నేను చెప్పను. 2020 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లాలో పులి ఇద్దరిని చంపింది, 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ దగ్గర ఒక మహిళను. నెల గమనించండి, పత్తి ఏరే కాలం. వంగి, తల దించుకుని, భుజం ఎత్తు చెట్ల మధ్య ఏరుతున్న మనిషి వెనక నుంచి మనిషిలా కనబడడు. అందుకే పులి తిరుగుతోందని తెలిస్తే ఎండ ఎక్కాక చేనుకు పోండి, పొద్దుగూకక ముందే రండి, గుంపుగా ఏరండి, ఒకరు నిలబడి చూస్తూ ఉండండి. కూలి గంటలు తగ్గుతాయని నాకు తెలుసు. ఆ నాలుగు రోజులకే చెప్తున్నాను.

అపోహ: పశువును పులి చంపితే డబ్బులు వచ్చేది లేదు, పోయేది లేదు.

అన్నిటికంటే నన్ను బాధపెట్టే మాట ఇది, ఎందుకంటే ఇందులో తప్పు రైతుది కాదు. ఒక ఊళ్ళో పెద్దాయన ఎద్దును పులి కొట్టింది. జత ఎడ్లలో ఒకటి పోతే రెండోది కూడా పనికిరానట్టే. ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, డాక్టర్ రేపు వస్తాడన్నారు, మూడో రోజుకు కళేబరం ఉబ్బి వాసన కొడుతోంది, అప్పుడు వచ్చి గాట్లు సరిగా కనబడటం లేదని రాసి పోయారు. నష్టపరిహారం రాలేదు. ఆయన నాతో అన్న మాట ఇది: "తమ్మీ, ఎద్దు పోయినందుకు కాదు, మూడు దినాలు దాని పక్కన కూసోబెట్టిన్రు, అది మర్చిపోను." విషం డబ్బా చేతికి వచ్చేది సరిగ్గా ఆ మూడు రోజుల్లోనే. చంపిన పశువు దగ్గరికి పులి మళ్ళీ రాత్రికి వస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ అడవిలో విషం పెట్టిన పశువును తిని పులులు చనిపోయాయి.

అందుకని పశువు పోయిన రోజే మీ వైపు అడవి చూసే ఫారెస్టు బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. కళేబరం కదపకండి. కదిపితే పంచనామాకు ఆధారం పోతుంది, ఆకలి తీరని పులి ఇంకో గొడ్డును కొడుతుంది. మెడ మీద గాట్లు, చుట్టూ అడుగులు, పశువు చెవికి వేసిన ట్యాగు నంబరు, అన్నీ మీ ఫోన్‌లోనే ఫొటోలు తీసుకోండి. పశువైద్యుడి రిపోర్టు, పంచనామా కాపీ అడిగి తీసుకోండి. మనిషి చనిపోతే మన రాష్ట్రంలో కుటుంబానికి 10 లక్షలు ఇస్తున్నారు. అది దయ కాదు, హక్కుగా అడగండి.

అపోహ: ఎలుగుబంటి వస్తే చచ్చినట్టు పడుకుంటే వాసన చూసి పోతుంది.

చిన్నప్పటి కథ. దాని చూపు అంతంత మాత్రం, చెట్టు చాటున ఉన్న మనిషి ఒక్కసారిగా ఎదురుపడితే భయంతో మీద పడుతుంది. ఇప్పపువ్వు ఏరడానికి మనం పోయే తెల్లవారుజామే దానికీ తిండి వేళ. ముందే గట్టిగా మాట్లాడుతూ పోతే అదే పక్కకు తప్పుకుంటుంది. మీద పడ్డాక మాత్రం బోర్లా పడుకుని మెడ వెనక చేతులు కట్టుకోండి, అది ముఖం మీదా తల మీదే కొడుతుంది.

కోతుల గురించి ఒక్క మాట. పట్టి పక్క మండలంలో వదిలితే ఆ ఊరి మీద పడతాయి, అంతే. మేడారం దారిలో కారు ఆపి అరటిపండ్లు వేయడం మానేస్తే కొంతైనా మేలు, రోడ్డు మీద బండ్ల కింద పడటమూ తగ్గుతుంది.

అపోహ: ఎవరి చేను వాళ్ళు కాపాడుకుంటే సరిపోతుంది.

ఒక్కడు కంచె వేస్తే పంది మందంతా పక్కోడి చేనులో పడుతుంది, ఆ పక్కోడు మళ్ళీ తీగ లాగుతాడు. నేను తిరిగే ఒక ఊళ్ళో ఏడుగురు రైతులు గెట్ల తగాదాలు పక్కన పెట్టి చేలన్నిటి చుట్టూ ఒకే సోలార్ కంచె వేసుకున్నారు. డబ్బా ఒక్కటే, ఖర్చు ఎకరాల లెక్కన పంచుకున్నారు. మొదటి ఏడు సగం పనిచేయలేదు, ఎందుకంటే గడ్డి పెరిగి తీగకు తగిలితే దెబ్బంతా నేలలోకి దిగిపోతుంది. ఇప్పుడు వంతులు పెట్టుకున్నారు, వారానికి ఒక ఇల్లు, కొడవలి పట్టుకుని కంచె కింద గడ్డి కోయాలి. పోయినసారి నేను వెళ్ళినప్పుడు వంతు ఒక అత్తాకోడళ్ళది, కోసిన గడ్డిని మోపు కట్టి బర్రెకు తీసుకుపోతున్నారు.