ఉన్నవాటిలో ఏది మేలు? గణాంక సాఫ్ట్‌వేర్‌పై అపోహలు, వాస్తవాలు

విశాఖపట్నంలో ఇళ్లకు భోజనం అందించే వ్యాపారాలకు, ఏ ఆఫర్‌ను ఎవరికి చూపితే మేలో గణాంక పద్ధతులతో తేల్చి చెప్పడం నా వృత్తి. ఈ పనిలో తరచుగా వినిపించే అపోహలు కొన్ని ఉన్నాయి.

అపోహ: పాత రికార్డులన్నీ ఇస్తే ఏది ఉత్తమమో సాఫ్ట్‌వేరే చెప్పేస్తుంది.

వాస్తవం: ఆదివారం సాయంత్రాలు బీచ్ రోడ్డు వారికి ఉచిత డెలివరీ, పనిరోజుల్లో గాజువాక వారికి ధరలో తగ్గింపు చూపుతూ వచ్చారనుకుందాం. మొదటిదానికి ఆర్డర్లు ఎక్కువ వస్తే, ఆ ఘనత ఆఫర్‌దా, ఆదివారానిదా, ఆ ప్రాంతానిదా అన్నది ఆ పట్టికనుంచి ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. ఎంపికలో కొంత యాదృచ్ఛికత ఉండి, ఏ ఆఫర్ ఎంత సంభావ్యతతో ఎంపికైందో ప్రతి వరుసలోనూ నమోదై ఉంటే, తక్కువ సంభావ్యతతో వచ్చిన ఫలితాలకు ఎక్కువ బరువిచ్చి, ఇంకా అమలు చేయని విధానం ఎలా పనిచేసేదో కూడా అంచనా వేయగలం. అందుకే నేను మొట్టమొదట అడిగేది ఆ ఒక్క కాలమ్ గురించే.

అపోహ: సగటు ఎక్కువున్నదాన్నే కొనసాగించాలి.

వాస్తవం: ఉచిత డెలివరీని 40 మందికి చూపితే 8 మంది, తగ్గింపును 10 మందికి చూపితే ఒక్కరు ఆర్డర్ చేశారనుకుందాం. ఇక్కడే తగ్గింపును తీసేయడం తొందరపాటు. 1933లో విలియం థాంప్సన్ ప్రతిపాదించిన పద్ధతిలో, ముందస్తుగా ఏ విలువవైపూ మొగ్గకుండా మొదలుపెడితే, ఆర్డర్ వచ్చే రేటు ఎంత ఉండవచ్చో చెప్పే ‘బీటా’ అనే సంభావ్యతా విభాజనం మొదటిదానికి బీటా(9, 33), రెండవదానికి బీటా(2, 10) అని వస్తుంది (ఆర్డర్ చేసినవారి, చేయనివారి సంఖ్యలకు ఒక్కొక్కటి కలిపితే). గణాంకాలకు వాడే ‘ఆర్’ అనే ప్రోగ్రామింగ్ భాషలోని ‘ఆర్‌బీటా’ ఫంక్షన్‌తో ఒక్కొక్కదానినుంచి యాదృచ్ఛికంగా ఒక సంఖ్య తీసి, ఏది పెద్దదైతే ఆ ఆఫర్‌నే తరువాతి వ్యక్తికి చూపుతాం. తగ్గింపు గురించి తెలిసింది తక్కువ కనుక దాని సంఖ్యలు బాగా చెదురుతాయి; ఈ దశలో అది రమారమి మూడింట ఒకసారి గెలుస్తుంది. నిజంగా బలహీనమైనదైతే సమాచారం పెరిగేకొద్దీ దానంతటదే వెనుకబడుతుంది. తెలుసుకోవడం కోసం బలహీనమైనదాన్ని కూడా చూపే ఈ అన్వేషణకయ్యే నష్టాన్ని పూర్తిగా తప్పించుకోలేమనీ, ఎంత మంచి పద్ధతిలోనైనా అది కనీసం లాగరిథం వేగంతో, అంటే రానురాను నెమ్మదిస్తూ అయినా ఆగకుండా, పెరుగుతుందనీ గణాంక శాస్త్రవేత్తలు లాయ్, రాబిన్స్ 1985లో నిరూపించారు.

అపోహ: థాంప్సన్ పద్ధతి ఉంటే ఏ/బీ పరీక్ష (రెండు ఆఫర్లనూ యాదృచ్ఛికంగా పంచిన రెండు గుంపులకు చూపి పోల్చడం) అక్కరలేదు.

వాస్తవం: రెండింటి మధ్య తేడా ఎంతో కచ్చితంగా కొలవాలంటే సమంగా పంచిన పరీక్షే నయం. ఆరంభంలో దురదృష్టవశాత్తు వెనుకబడినదాన్ని థాంప్సన్ పద్ధతి ఆ తరువాత తక్కువసార్లు చూపుతుంది కనుక, దాని సగటు అసలు విలువకన్నా తక్కువగా తేలే మొగ్గు ఉంటుంది.

అపోహ: ఉత్తమమైనది అందరికీ ఒక్కటే.

వాస్తవం: మధురవాడలో నచ్చినది గాజువాకలో నచ్చకపోవచ్చు. ఆర్‌లోని ‘పాలసీట్రీ’ ప్యాకేజీ ఎవరికి ఏది చూపాలో చిన్న నిర్ణయవృక్షంగా, అంటే ఒకదాని తరువాత ఒకటిగా అడిగే ప్రశ్నల కొమ్మలుగా, నేర్చుకుంటుంది. రెండు మూడు ప్రశ్నలలో ముగిసే ఆ వృక్షాన్ని యజమాని కూడా చదివి తప్పుపట్టగలరు. నేర్పడానికి వాడని రికార్డులపై పరీక్షించాకే దానిని అమలులో పెట్టాలి.