తాకకుండానే తెలుసుకునే ముక్కు

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట, పోటు తీసిన తరువాత తడి ఇసుకను ఎడతెరిపి లేకుండా ముక్కుతో పొడిచే చిన్న పిట్టలను చూసి, "అవి గుడ్డిగా పొడుస్తాయా, లోపల ఏముందో వాటికి తెలుస్తుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. అవి ఉల్లంకి పిట్టలు. చైత్రమాసం నాటికి వాటిలో కర్ల్యూ శాండ్‌పైపర్ల రొమ్ము ఇటుక రంగుకు తిరుగుతుంది. సైబీరియా ఉత్తరపు అంచు దాకా ఎగరడానికి కావలసిన కొవ్వును అవి ఈ రోజుల్లోనే కూడబెట్టుకోవాలి. వలస సంగతి చాలామంది రాశారు కనుక, ముక్కు సంగతే చెబుతాను.

ఈ కుటుంబానికే చెందిన రెడ్ నాట్ పక్షుల మీద నెదర్లాండ్స్ శాస్త్రవేత్త తెయునిస్ పీర్స్మా బృందం చేసిన ప్రయోగాలు 1998లో వెలువడ్డాయి. తడి ఇసుకలో పాతిపెట్టిన గుల్లలనే కాక, వాసనా కదలికా లేని రాళ్లను కూడా ఆ పక్షులు పసిగట్టాయి. ఇసుక పొడిగా ఉన్నప్పుడు మాత్రం పసిగట్టలేకపోయాయి.

కిటుకంతా నీటిలోనే ఉంది. తడి ఇసుక రేణువుల మధ్య సందులు నీటితో నిండి ఉంటాయి. ముక్కు దిగగానే ఆ నీరు ఎటో ఒకవైపు తప్పుకోవాలి. సందులు సన్ననివి కావడంతో అది వెంటనే తప్పుకోలేక, ముక్కు చుట్టూ క్షణకాలం పీడనం పెరుగుతుంది. పొలం కాలువకు దిగువన ఎక్కడో మట్టి అడ్డుపడితే ఎగువన నీరు ఎగదన్నుతుంది. అడ్డును కళ్లతో చూడకపోయినా, నీటి మట్టాన్ని బట్టే రైతు దాన్ని గ్రహిస్తాడు. ఇసుకలో ఆ అడ్డు గుల్ల. దాని గుండా నీరు పోదు కనుక ఆ వైపు పీడనం మరో తీరుగా ఉంటుంది. ముక్కు కొనలోని సూక్ష్మమైన గుంటల్లో గుత్తులుగా అమరిన హెర్బ్‌స్ట్ కణికలు, అంటే ఒత్తిడిని గ్రహించే నాడీ కొనలు, ఈ తేడాను నాడులకు అందిస్తాయి. కాలువ ఎండిపోతే ఎంతటి అనుభవజ్ఞుడైన రైతుకైనా ఆ గుర్తు దొరకదు. పొడి ఇసుకలో పక్షి ఓడిపోవడానికి కారణం కూడా ఇదేనని నాకనిపిస్తుంది.

అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకొని భూమిలో నీళ్లున్న చోటు చెప్పేవారిని మన ఊళ్లలో ఇప్పటికీ పిలుస్తారు. ఏది ఎక్కడ ఉందో ముందుగా తెలియనివ్వకుండా, ఆ పక్షులకు పెట్టినటువంటి పరీక్షనే వారికీ పెట్టి చూడాలి. పిల్లలకు బడిలో నేర్పవలసిన మొదటి విజ్ఞాన పాఠం అదేనని నా గట్టి నమ్మకం.

పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది కనుక, ఇసుక బయటపడే రెండు వేళల్లో ఒకటి తరచుగా చీకట్లోనే పడుతుంది. తీతువు బంధువులైన ప్లోవర్లు పెద్ద కళ్లతో చూసి, పరుగెత్తి, ఆగి, పొడుస్తాయి. ఉల్లంకికి మేత వెతకడానికి వెలుతురుతో అంతగా పని లేదు. దానికి కావలసింది తడి. అందుకే మొగ దగ్గర ప్లోవర్లు ఆరిన ఇసుక మీద కూడా చెదిరి కనిపిస్తాయి. ఉల్లంకులు వెనక్కి తగ్గే నీటి అంచు వెంటే, ఇసుక ఇంకా మెరుస్తున్నంత మేరలోనే, గుంపుగా కదులుతాయి.