మంచు తుఫానుకు చలి ఒక్కటే చాలదు: అపోహలు - వాస్తవాలు

అమెరికా ఈశాన్య తీరంలో వాతావరణ అంచనాలు వేయడం నా పని. జనవరి వచ్చిందంటే న్యూజెర్సీలోని మనవాళ్ల నుంచి వినే మాటలివి.

అపోహ: చలి ఎంత ముదిరితే మంచు అంత ఎక్కువ పడుతుంది.

వాస్తవం: గాలి చల్లబడేకొద్దీ అందులో తేమ తగ్గిపోతుంది. ఎముకలు కొరికే చలి ఉండే దక్షిణ ధ్రువంలో ఏడాది మొత్తానికీ పడే మంచు చాలా తక్కువ. ఇక్కడ భారీగా కురిసే రోజుల్లో ఉష్ణోగ్రత తరచూ సున్నా డిగ్రీలకు కాస్త కిందే ఉంటుంది.

అపోహ: ఇక్కడి మంచు తుఫానూ బంగాళాఖాతం తుఫాను లాంటిదే, కాకపోతే చల్లగా ఉంటుంది.

వాస్తవం: రెండూ అల్పపీడనాలే, రెండింట్లోనూ గాలి అపసవ్య దిశలోనే తిరుగుతుంది. బలం వచ్చే చోటే వేరు. బంగాళాఖాతం తుఫాను వెచ్చని సముద్రపు నీటి ఆవిరి మీద బతుకుతుంది, నేల తాకితే నీరసిస్తుంది. నార్‌ఈస్టర్ అని పిలిచే ఇక్కడి మంచు తుఫానుకు కెనడా నుంచి దిగే చలిగాలికీ, గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చటి సముద్ర ప్రవాహం మీది వెచ్చటి గాలికీ మధ్య ఉన్న తేడాయే ప్రధాన బలం. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే వేగమైన గాలి ప్రవాహంలో గాలి విడిపోయి పక్కలకు పోతుంటే, ఆ ఖాళీలోకి కింది గాలి ఎగబాకుతుంది, నేల దగ్గర పీడనం పడిపోతుంది. 1993 మార్చిలో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పుట్టిన తుఫాను ఫ్లోరిడా దగ్గర నేలెక్కాక కూడా, ఉత్తరానికి నడుస్తూ ఇంకా బలపడింది.

అపోహ: మేఘంలో మంచు ఉంటే కింద పడేదీ మంచే.

వాస్తవం: మధ్యలో వెచ్చటి గాలి పొర అడ్డం వస్తే మంచు కరిగి చినుకవుతుంది. దాని కింద చలి పొర మందంగా ఉంటే ఆ చినుకు మళ్లీ గడ్డకట్టి గుళికలా టపటపా పడుతుంది. పొర పలచనైతే గడ్డకట్టే టైమే ఉండదు. సున్నా కంటే చల్లగా ఉన్నా నీరుగానే దిగి, కారు అద్దానికో చెట్టుకొమ్మకో తగలగానే గాజు పూతలా పట్టేస్తుంది. అదే ఫ్రీజింగ్ రెయిన్. ఆ బరువుకు కొమ్మలు విరుగుతాయి, కరెంటు తీగలు తెగుతాయి. ఒకటి రెండు డిగ్రీల తేడాతో అంతా మారిపోతుంది కాబట్టి నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే.

అపోహ: చెప్పినంత పడలేదంటే అంచనా వట్టి ఊహే.

వాస్తవం: 2015 జనవరిలో న్యూయార్క్‌కు రెండడుగుల మంచు అన్నారు, సబ్‌వే కూడా ఆపేశారు. సెంట్రల్ పార్కులో పడింది 9.8 అంగుళాలే. తుఫాను మాత్రం వచ్చింది: మసాచుసెట్స్‌లోని వర్సెస్టర్‌లో 34.5 అంగుళాలు కురిసింది. దాని దారి అనుకున్నదానికంటే కాస్త తూర్పుకు జరిగిందంతే. అందుకే, మ్యాప్‌లో మీ ఊరు భారీ మంచు పట్టీ అంచున ఉంటే ఒక్క అంకె చూసి ఊరుకోకండి. కనీసం ఎంత, గరిష్ఠంగా ఎంత అన్నవి రెండూ చూడండి. బయల్దేరే రోజు పొద్దున మరోసారి చూసుకోండి.