విద్యుత్ విమానంలో ఆ అయిదు శాతం వేడి ఎక్కడికి పోవాలి?

260 కిలోవాట్ల పిస్టన్ ఇంజన్ పూర్తి శక్తితో తిరుగుతోందనుకుందాం. ఇంధనంలోని శక్తిలో 30 శాతం ప్రొపెల్లర్‌కి చేరితే, మిగతా 600 కిలోవాట్లు వేడిగా పోతాయి. అంతే శక్తినిచ్చే ఎలక్ట్రిక్ మోటారు 95 శాతం సామర్థ్యంతో పనిచేస్తే వేడయ్యేది సుమారు 14 కిలోవాట్లే. ఈ రెండంకెలనూ పక్కపక్కన చూస్తే మోటారును చల్లబరచడం చిన్న పనే అనిపిస్తుంది. లెక్క బోల్తా కొట్టేది ఇక్కడే.

పిస్టన్ ఇంజన్ వేడిలో పెద్ద వాటాను ఎగ్జాస్ట్ గొట్టమే మోసుకుపోతుంది, దానికి రేడియేటర్ అక్కర్లేదు. మిగిలినది సిలిండర్ హెడ్ మీదున్న రెక్కల నుంచి గాలిలోకి పోతుంది. ఆ హెడ్ 200 డిగ్రీల దగ్గర హాయిగా పనిచేస్తుంది. బయట 40 డిగ్రీల ఎండ ఉన్నా తేడా 160 డిగ్రీలు. మోటారుకు ఎగ్జాస్ట్ లేదు. పైగా చాలా డిజైన్లలో ఇన్వర్టర్‌కీ (బ్యాటరీ కరెంటును మోటారుకు పనికొచ్చేలా మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) మోటారుకీ ఒకటే కూలెంట్, అంటే చల్లబరిచే ద్రవం. ఇన్వర్టర్ సంగతి చూసి కూలెంట్‌ను 65 డిగ్రీలు దాటనివ్వకపోతే, బయటి గాలితో తేడా 25 డిగ్రీలే మిగులుతుంది. అంటే కిలోవాట్‌కు ఆరు రెట్లకు పైగా ఉపరితలం కావాలి. తక్కువ వేడే, కానీ వదిలించుకోవడం కష్టమైన వేడి.

విద్యుత్తుతో ఎగరడం కొత్తదేమీ కాదు. 1883 అక్టోబరులో పారిస్ దగ్గర టిసాండియే సోదరులు 1.5 హార్స్‌పవర్ సీమెన్స్ మోటారుతో గాలి ఓడ నడిపారు. మరుసటి ఏడాది ఆగస్టు 9న రెనార్, క్రెబ్స్‌ల 'లా ఫ్రాన్స్' 8.5 హార్స్‌పవర్ మోటారుతో 23 నిమిషాల్లో 8 కిలోమీటర్లు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చింది. 1973 అక్టోబరు 21న ఆస్ట్రియాలోని వెల్స్‌లో ఎంబీ-ఇ1 మోటార్ గ్లైడర్ నికెల్-కాడ్మియం బ్యాటరీలతో పావుగంట లోపే ఎగిరి దిగింది. అప్పట్లో అడ్డం బ్యాటరీయే. మోటారు పూర్తిగా వేడెక్కేలోపే బ్యాటరీ అయిపోయేది కాబట్టి శీతలీకరణ ఎవరి నెత్తినా పడలేదు.

చిన్న మోటార్లకు ఇంకో వెసులుబాటు ఉంది. నాసా వారి పైలట్ లేని సౌర విమానం హీలియోస్ 2001 ఆగస్టులో 29.5 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. అక్కడి గాలి సాంద్రత సముద్ర మట్టంలో ఉండేదానిలో 2 శాతం కూడా లేదు. అయినా దాని 14 మోటార్లలో ఒక్కొక్కటీ 1.5 కిలోవాట్లదే. నష్టం 7 శాతమనుకున్నా వంద వాట్ల చిల్లర. మోటారు కొలతలన్నీ రెట్టింపు చేస్తే ఘనపరిమాణం ఎనిమిది రెట్లవుతుంది, ఉపరితలం నాలుగు రెట్లే. వేడి పుట్టేది ఘనపరిమాణంలో, పోయేది ఉపరితలం నుంచి. కిలోవాట్ల నుంచి మెగావాట్లకు వెళ్లేసరికి పాత పద్ధతులు చేతులెత్తేయడానికి మూలం ఇదే.

పెద్ద యంత్రాల వేడి సంగతి ముందుగా ఎదుర్కొన్నది విద్యుత్ కేంద్రాలు. 1937లో అమెరికాలోని డేటన్‌లో టర్బో జనరేటర్‌ను గాలికి బదులు హైడ్రోజన్‌తో చల్లబరిచారు. 1956లో ఇంగ్లండ్‌లోని బోల్డ్ కేంద్రంలో 30 మెగావాట్ల జనరేటర్ స్టేటర్ (తిరగకుండా ఉండే భాగం) తీగల లోపలికే నీళ్లు పంపారు. విమానాల్లో జనరేటర్లది వేరే గోడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఎత్తుకు వెళ్లిన విమానాల్లో, తిరిగే భాగాన్ని తాకుతూ కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు గంటల్లోనే పొడైపోయేవి. పైన గాలిలో తేమ లేక బ్రష్ కింద ఏర్పడాల్సిన పలచని పొర ఏర్పడేది కాదు. తర్వాత బ్రష్‌లెస్ జనరేటర్లు వచ్చాయి, గాలి ఊదే పద్ధతి పోయి వైండింగ్ (తీగచుట్ట) మీద ఆయిల్ చిమ్మే పద్ధతి స్థిరపడింది. బోయింగ్ 787 నాటికి పవర్ ఎలక్ట్రానిక్స్ కోసమే విడిగా ఒక ద్రవ శీతలీకరణ వ్యవస్థ అవసరమైంది.

రేడియేటర్ వైపు పాఠాలు మాత్రం పిస్టన్ యుగం నుంచే వచ్చాయి. 1928లో నాసాకు ముందరి సంస్థ నాకా లాంగ్లీ కేంద్రంలో ఫ్రెడ్ వీక్ బృందం రూపొందించిన కౌలింగ్ (ఇంజన్ చుట్టూ ఉండే తొడుగు), చల్లబరచడమూ గాలి రాపిడి తగ్గించడమూ ఒకే పని అని చూపింది. 1935లో బ్రిటన్‌లో మెరెడిత్ ఇంకో అడుగు వేశాడు. రేడియేటర్ ముందు గాలిని నెమ్మదింపజేసి, వేడెక్కాక సన్నటి దారిలోంచి వెనక్కి వదిలితే కోల్పోయిన థ్రస్ట్‌లో (ముందుకు నెట్టే బలంలో) కొంత తిరిగొస్తుందన్నాడు. మస్టాంగ్ యుద్ధ విమానం పొట్ట కింది తొట్టి ఆ బాపతే. విద్యుత్ విమానానికి ఆ లాభం అంతగా దక్కదు: 25 డిగ్రీల తేడాతో గాలి ఏపాటి వేడెక్కుతుంది? పాత డక్ట్ (గాలి దారి) లెక్కల్ని యథాతథంగా దించుకునేవాళ్లు గమనించాల్సింది ఇదే.

ఇక మోటారు లోపలికి వద్దాం. వేడి పుట్టేది ఎక్కువగా స్టేటర్ స్లాట్‌లో (గాడిలో) బిగించిన రాగి తీగలో. అక్కడి నుంచి తీగ ఎనామెల్, మధ్య ఖాళీల్లోని వార్నిష్, స్లాట్ గోడకు పరిచిన ఇన్సులేషన్ కాగితం, ఉక్కు పళ్లు, బయటి కవచం, ఆ తర్వాతే కూలెంట్. రాగి ఉష్ణవాహకత (మీటరుకు, డిగ్రీకి వాట్లలో) 390 దగ్గర ఉంటే ఇన్సులేషన్ కాగితానిది 0.15. గోడలోంచి చదరపు సెంటీమీటరుకు 2 వాట్లు పోతుంటే, 0.25 మిల్లీమీటర్ల కాగితం దాటడానికే 33 డిగ్రీలు ఖర్చవుతాయి. కాగితానికీ ఉక్కుకీ మధ్య 0.05 మిల్లీమీటర్ల గాలి పొర మిగిలిపోయిందనుకోండి, అది కూడా మరో 33 డిగ్రీలు తింటుంది. కంటికి కనపడని ఖాళీ, అయిదు రెట్ల మందమున్న కాగితంతో సమానం! వైండింగ్‌ను వాక్యూమ్‌లో పెట్టి, ఒత్తిడితో రెసిన్ ఎక్కించడం వెనకున్న కారణం ఇదే. ఆ పని హడావుడిగా చేసిన మోటారుకు బయట ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా లాభం లేదు.

వేడెక్కిన మోటారు ఇంకా వేడెక్కుతుంది. 20 డిగ్రీలతో పోలిస్తే 150 డిగ్రీల దగ్గర రాగి నిరోధం ఒకటిన్నర రెట్లు. నియోడిమియం అయస్కాంతం డిగ్రీకి 0.11 శాతం చొప్పున బలం కోల్పోతుంది. 100 డిగ్రీలు పెరిగితే అదే టార్క్ (తిప్పే బలం) కోసం 12 శాతం ఎక్కువ కరెంటు కావాలి, రాగిలో వేడిగా పోయే నష్టం ఆ ఒక్క కారణంగానే పావు వంతు పెరుగుతుంది. ఒక హద్దు దాటితే అయస్కాంతం చల్లారినా పాత బలం రాదు. సమేరియం-కోబాల్ట్ 300 డిగ్రీల దాకా తట్టుకుంటుంది కానీ ఆ బలానికి బరువు ఎక్కువ. ఇన్సులేషన్ సంగతి మోటార్లకు తీగ చుట్టే పాతవాళ్లందరికీ తెలిసిందే: ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు సగం.

అందుకే శీతలీకరణ చరిత్రంతా చల్లటి ద్రవాన్ని రాగికి ఒక్కో పొర దగ్గరగా తెచ్చిన చరిత్రే. గాలితో చల్లబడే మోటారులో తీగ అడ్డుకోతలో చదరపు మిల్లీమీటరుకు 5 నుంచి 10 ఆంపియర్లు, నీటి జాకెట్‌తో 15 దాకా, తీగను నేరుగా ఆయిల్ తాకితే 20 నుంచి 30. ఆ 20 ఆంపియర్ల దగ్గర చల్లబరచడం ఆగిపోతే రాగి సెకనుకు 2 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. నిమిషంలో వైండింగ్ కథ ముగుస్తుంది. అంటే పంపు ఆగితే పైలట్‌కు మిగిలేది సెకన్లే, అదీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు, పూర్తి పవర్ మీద.

2015లో సీమెన్స్ బయటపెట్టిన ఎస్‌పీ260డీ మోటారు ఈ దారిలో పెద్ద మలుపు: 50 కిలోల బరువు, 260 కిలోవాట్లు, గేర్‌బాక్స్ లేకుండా 2500 ఆర్‌పీఎం. సిలికోన్ ఆయిల్ లాంటి, కరెంటు ప్రవహించని ద్రవం నేరుగా తీగల్ని చల్లబరుస్తుంది. 2016లో ఎక్స్‌ట్రా 330ఎల్ఈ విమానం దానితో ఎగిరింది. 2020లో ఐరోపా విమాన భద్రతా సంస్థ ధృవీకరణ పొందిన పిపిస్ట్రెల్ వెలిస్ ఎలక్ట్రో విమానం మోటారు గరిష్ఠ శక్తి 57.6 కిలోవాట్లు, నిరంతరం వాడుకోదగ్గది 49.2. ఆ రెండంకెల తేడా ఎక్కువగా వేడి రాసిన తేడాయే. గరిష్ఠ శక్తిలో వేడిని రాగిలోనే కాసేపు దాచి, తర్వాత తీరిగ్గా వదులుతారు. 2019 డిసెంబరు 10న కెనడాలో హార్బర్ ఎయిర్ సంస్థ ఎగరేసిన బీవర్ విమానంలో అప్పటిదాకా ఉన్నది గాలితో చల్లబడే రేడియల్ ఇంజన్. 560 కిలోవాట్ల విద్యుత్ మోటారు వచ్చాక అదే విమానానికి కూలెంటు, గొట్టాలు అవసరమయ్యాయి.

అన్నిసార్లూ ద్రవమే జవాబు కాదు. నాసా ప్రయోగాత్మక విద్యుత్ విమానం ఎక్స్-57 కోసం తయారైన ఇన్వర్టర్లు సిలికాన్ కార్బైడ్ చిప్‌లతో 98 శాతం సామర్థ్యం చేరడం వల్ల వాటికి గాలే సరిపోయింది. 97 నుంచి 98కి వెళ్లడమంటే చూడ్డానికి ఒక్క శాతం. వేడి మాత్రం మూడో వంతు తగ్గుతుంది. ఆ విమానం ఎగరకుండానే 2023లో ప్రాజెక్టు ముగిసింది. అయినా నాసా తన అనుభవాన్ని బయటికి ఇవ్వడం మంచిదైంది.

ఎత్తు చిక్కు వేరు. 10 కిలోమీటర్ల దగ్గర గాలి మైనస్ 50 డిగ్రీలే కానీ సాంద్రత మూడో వంతు. చలి ఇచ్చినదాంట్లో కొంత పలచదనం లాక్కుంటుంది. అసలు దెబ్బ వోల్టేజీది. కేబుళ్ల బరువు తగ్గాలంటే వోల్టేజీ పెంచాలి. గాలిలో 327 వోల్టులు దాటాక, పీడనమూ దూరమూ సరిగ్గా కుదిరిన ఖాళీలో నిప్పురవ్వ పుట్టగలదు. పైకి వెళ్లేకొద్దీ అలా కుదిరే ఖాళీలు పెరుగుతాయి. విరుగుడుగా ఇన్సులేషన్ మందం చేస్తే వేడి దారి మూసుకుపోతుంది. రెసిన్‌లో మిగిలిన ఆ గాలి బుడగే కింద వేడిని ఆపేది, పైన ఇన్సులేషన్‌ను కొరికేది.

నడిపేటప్పుడు వచ్చే తప్పులు చాలావరకు మామూలువే. 14 కిలోవాట్లను 10 డిగ్రీల పెరుగుదలలో మోయడానికి గ్లైకాల్ నీళ్లు నిమిషానికి 24 లీటర్లు తిరగాలి. గొట్టం ఎత్తైన మలుపులో గాలి బుడగ ఇరుక్కుంటే పంపు తిరుగుతూనే ఉంటుంది, ప్రవాహం పడిపోతుంది. ముందు ఎక్కేది ఇన్వర్టర్ ఉష్ణోగ్రత, మోటారుది కాదు, ఎందుకంటే చిప్‌కు వేడి దాచుకునే ద్రవ్యరాశి లేదు. అందుకే పంపు కరెంటును మాత్రమే చూసే వ్యవస్థ మోసపోతుంది, ప్రవాహాన్ని కొలవాలి. కూలెంట్ నింపాక విమానాన్ని ఎగిరే వాలులో పెట్టి మళ్లీ గాలి తీయాలి. నేల మీది వాలులో ఎత్తైన చోటు వేరు. దిగాక వెంటనే మాస్టర్ స్విచ్ కట్టేస్తే పంపూ గాలీ రెండూ ఆగిపోయి, వైండింగ్‌లోని వేడి నెమ్మదిగా అయస్కాంతాల్లోకీ బేరింగుల్లోకీ పాకుతుంది. కొన్ని నిమిషాలు పంపును తిరగనివ్వడమే మందు.

సెన్సార్ చెప్పే అంకెను కూడా గుడ్డిగా నమ్మకూడదు. బెంచి మీద పరీక్షించేటప్పుడు తీగ నిరోధంతో సరిచూస్తారు. 25 డిగ్రీల దగ్గర 10.0 మిల్లీఓమ్‌లున్న వైండింగ్, ఆపిన వెంటనే 14.0 చూపిస్తే, నిష్పత్తి 1.4ను 259.5తో గుణించి 234.5 తీసేయాలి: 128.8 డిగ్రీలు. ఇది సగటు. స్లాట్ మధ్యలోనో, స్లాట్ బయటికి వచ్చి మలుపు తిరిగే ఎండ్ వైండింగ్ ముడిలోనో అంతకంటే 15, 20 డిగ్రీలు ఎక్కువుండడం సాధారణం. సెన్సార్ పెట్టిన చోటు చల్లని చోటైతే ఆ తేడా ఇంకా పెరుగుతుంది.

నియమాలు ఈ మధ్యే అందుకున్నాయి. ఐరోపా సంస్థ విద్యుత్ ప్రొపల్షన్‌కు ప్రత్యేక షరతుల్ని 2021 ఏప్రిల్‌లో తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ, మ్యాగ్నిఎక్స్ కంపెనీ మోటార్లకు విడిగా షరతులు రాసింది. అందులో చల్లబరచడం కోసం విడి క్లాజు ఉంది: భద్రత శీతలీకరణ మీద ఆధారపడితే, దాన్ని కనిపెట్టి చూసే ఏర్పాట్లను ఇన్‌స్టలేషన్ మాన్యువల్‌లో రాయాలి. రేడియేటర్ విమానం తయారీదారుది, మోటారు ఇంకొకరిది కాబట్టి ఈ మాట రాసుకోవడం అవసరమైంది.

అసలు నిరోధమే లేకుండా చేద్దామన్న ప్రయత్నాలూ నడుస్తున్నాయి. నాసా గ్లెన్ కేంద్రం 1.4 మెగావాట్ల మోటారు రోటర్‌లో (తిరిగే భాగంలో) సూపర్ కండక్టర్ వాడి, దాన్ని చల్లార్చే యంత్రాన్ని షాఫ్ట్‌లోనే అమర్చే పని చేపట్టింది. ఎయిర్‌బస్ అసెండ్ ప్రాజెక్టు మైనస్ 253 డిగ్రీల ద్రవ హైడ్రోజన్ చలువను వాడుకోవాలని చూసింది. అయితే అదే హైడ్రోజన్‌ను, దాని నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌లో వాడితే, మెగావాట్ కరెంటుకు దాదాపు మెగావాట్ వేడి, 80 డిగ్రీల దగ్గర వస్తుంది. అలాంటి విమానంలో రేడియేటర్ సైజును నిర్ణయించేది ఫ్యూయల్ సెల్లే. మోటారుకు దక్కేది ఆ రేడియేటర్‌లో మిగిలిన మూల మాత్రమే.