ఒక బరువు, నలుగురు డాక్టర్లు

మా పిన్ని ఆసుపత్రికి బయల్దేరిందంటే చంకలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో షుగరు చీటీ, బీపీ చీటీ, మోకాళ్ల ఎక్స్‌రే, లివర్‌కు కొవ్వు పట్టిందన్న స్కానింగు రిపోర్టు. మోకాళ్ల డాక్టరు "బరువు తగ్గాలమ్మా" అంటారు. షుగరుకు రాసిన మాత్రల్లో ఒకటి బరువు పెంచే రకం. ఆ రెండు చీటీలు పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఇన్నేళ్లలో ఒక్కరూ లేరు. ఊబకాయాన్ని వైద్యం ఇలా ముక్కలుగా చూడటం వెనక పెద్ద చరిత్రే ఉంది.

లావు ఒంటికి చేటని మనవాళ్లకు ఎప్పుడో తెలుసు. మరీ లావైనవాణ్ని, మరీ బక్కవాణ్ని ఒకేచోట చెప్పిన చరక సంహిత, ఇద్దరిలో లావుపాటివాడికే బాధలెక్కువ అంటుంది. కొలత మాత్రం బయటినుంచి వచ్చింది. 1830ల్లో బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ క్వెట్‌లే సగటు మనిషి ఎలా ఉంటాడో లెక్కగడుతూ, బరువును ఎత్తు వర్గంతో భాగించే సూత్రం కనిపెట్టాడు. రోగుల కోసం వేసిన లెక్క కాదది. 1972లో అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ దానికే బాడీ మాస్ ఇండెక్స్ (బీఎంఐ) అని పేరుపెట్టాడు. 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం అన్న హద్దులు తర్వాత స్థిరపడ్డాయి.

మన ఒళ్లు ఆ లెక్కకు లొంగలేదు. 2004లో పుణె డాక్టరు యాజ్ఞిక్, బ్రిటన్ డాక్టరు యుడ్కిన్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటోలే వేయించారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! "సన్నగానే ఉన్నాడుగా, షుగరేంటి?" అని మన ఇళ్లలో ఆశ్చర్యపోతామే, ఆ ప్రశ్నకు చాలావరకు జవాబు ఇక్కడుంది. 2009లో మన దేశ నిపుణులు హద్దులు దించారు. 23 నుంచే అధిక బరువు, 25 నుంచి ఊబకాయం. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. పిన్ని నడుముకు ఇంతవరకు ఎవరూ టేపు పెట్టలేదు.

పాత 25 హద్దుతో చూసినా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 36 శాతం, తెలంగాణలో 30 శాతం దాన్ని దాటేశారు.

ఒక్క డాక్టరు చీటీతో ఇది తేలదని 2002లోనే రుజువైంది. షుగరు అంచున ఉన్న మూడు వేలమందికి పైగా జనంతో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం చేశారు. ఒక గుంపులో ఒక్కొక్కరికీ ఒక కోచ్‌ను ఇచ్చి తిండి, నడక, మనసు కుంగిన రోజులు అన్నీ మాట్లాడుకుంటూ నడిపించారు. ఆ గుంపులో షుగరు రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వాడినవాళ్లలో 31 శాతమే. 2006లో చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం మనవాళ్లతో అలాంటిదే చేసి చూస్తే 28.5 శాతం తగ్గింది, అదీ బరువు పెద్దగా దిగకుండానే. కాటా ముల్లు కదల్లేదని డీలా పడేవాళ్లకు ఈ సంగతి గట్టిగా చెప్పాలి.

2025లో బరువు తగ్గించే వారం వారం ఇంజెక్షన్లు మన దేశంలోకీ వచ్చాయి. బాగా పనిచేసే మందులే. కానీ కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది, మానేస్తే బరువు తిరిగొస్తుంది. అందుకే పక్కన తిండి చెప్పేవాళ్లు, వ్యాయామం చేయించేవాళ్లు ఉండాలి. మొన్న పిన్ని కవర్లో ఐదో చీటీ చేరింది, ఆ ఇంజెక్షనుదే. ముందూ వెనకా తిప్పి చూశాను. డోసు ఉంది, ధర ఉంది. ఏం తినాలో ఒక్క ముక్క లేదు.