లోహం అంకె సరే, పీహెచ్ ఎంత?

మట్టి పరీక్ష రిపోర్టు పట్టుకొచ్చేవాళ్ల వేలు నేరుగా కాడ్మియం, సీసం అంకెల మీదికే వెళ్తుంది. చిన్న అంకె అయితే ఊపిరి పీల్చుకుంటారు, పెద్దదైతే టెన్షన్. అదే కాగితంలో ఉన్న పీహెచ్ వైపు ఎవరూ చూడరు. నేల ఆమ్లమా, క్షారమా చెప్పేది అదే: 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం.

అపోహ: అంకె తక్కువుంటే భయం లేదు.

వాస్తవం: ఆ అంకె మట్టిలో మొత్తం లోహం ఎంతుందో చెబుతుంది, అందులో వేరుకు అందేది ఎంతో చెప్పదు. బంకమట్టి, హ్యూమస్ (కుళ్లిన ఆకు, చెత్త సారం) మీద ఉండే ఋణావేశానికి, ధనావేశమున్న కాడ్మియం, జింక్, నికెల్ కణాలు (అయాన్లు) అంటుకుని ఉంటాయి. నేల ఆమ్లమయ్యేకొద్దీ హైడ్రోజన్ అయాన్లు ఆ చోట్లలోకి దూరి, లోహాన్ని నీళ్లలోకి నెట్టేస్తాయి. పీహెచ్ 7 నుంచి 5కి పడిందంటే హైడ్రోజన్ అయాన్లు 100 రెట్లు పెరిగినట్టు. కాడ్మియం 6.5 దిగువ నుంచే కదలడం మొదలుపెడుతుంది. సీసం మొండిది, 5 కిందికి వస్తే గానీ పెద్దగా కదలదు.

చైనా 2018లో తెచ్చిన సాగునేల ప్రమాణాలు చూడండి. వరి పొలంలో కాడ్మియం పరిమితి పీహెచ్ 5.5 లోపు ఉంటే కిలో మట్టికి 0.3 మిల్లీగ్రాములు, 7.5 దాటితే 0.8.

కొత్తలో నేనూ ఈ తప్పు చేశాను. పక్కపక్క మడులు, రెండింటిలో కాడ్మియం దాదాపు ఒకటే. 'ఏం పరవాలేదు, ఆకుకూర వేసుకోండి' అన్నాను. ఒక మడికి ఏళ్ల తరబడి అమ్మోనియం సల్ఫేట్ వేశారట, అది నేలను ఆమ్లం చేసే ఎరువు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. ఆకులు పరీక్షించాక ఆ మడి కూరలోనే కాడ్మియం ఎక్కువ తేలింది. అప్పుడు పీహెచ్ చూస్తే 5.1. ఆ కాగితం ఇప్పటికీ నా టేబుల్ అద్దం కిందే ఉంది.

అపోహ: సున్నం వేస్తే లోహాలు పోతాయి.

ఎక్కడికీ పోవు, సున్నంతో పీహెచ్ పెరిగి కదలకుండా ఉంటాయంతే. నేల మళ్లీ ఆమ్లమైతే మళ్లీ కదులుతాయి. పైగా ఆర్సెనిక్‌ది తిరకాసు. నేలలో అది ఎక్కువగా ఋణావేశంతో ఉంటుంది కాబట్టి, పీహెచ్ పెరిగితే పట్టు సడలుతుంది. ఆ చైనా ప్రమాణాల్లోనే, పీహెచ్ పెరిగేకొద్దీ వరి పొలానికి ఆర్సెనిక్ పరిమితి కిలోకి 30 మిల్లీగ్రాముల నుంచి 20కి దిగేది అందుకే. రిపోర్టులో ఆర్సెనిక్ ఎక్కువుంటే, సున్నం బస్తా విప్పేముందే ఎవరినైనా అడగండి.

అపోహ: వెనిగర్ పోస్తే మట్టి నురగలు కక్కింది, అంటే లోహాలున్నాయి.

అది కార్బనేట్ నురగ. దాన్ని వీడియో తీసి అందరికీ పంపకండి.

ఒక తల్లి ఏడుస్తూ ఫోన్ చేసింది. పెరటి మట్టిలో సీసం ఎక్కువ, పీహెచ్ మాత్రం 7.2, 'పీహెచ్ బాగుంది కదా, పిల్లాడికి ఏం కాదు కదా?' అని. ఆమె భయం నాకు అర్థమైంది, కానీ ఇక్కడ పీహెచ్ కాపాడదు. సీసం ఎక్కువగా వచ్చేది కూరలోంచి కాదు, నోట్లోకి పోయే మట్టి, దుమ్ములోంచి. మట్టి కడుపులోకి చేరాక అక్కడి పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, సీసం కరుగుతుంది. ఇలాంటప్పుడు మొత్తం అంకెనే చూడాలి. ఖాళీ నేలను గడ్డితోనో, శుభ్రమైన మట్టితోనో కప్పేయమన్నాను. పిల్లాడి చేతులు కడిగించమని, డాక్టర్ని అడిగి రక్తంలో సీసం పరీక్ష చేయించమని చెప్పాను.