వానకు, చలికి కారు టైర్లు: అపోహలు – వాస్తవాలు

విజయనగరంలో టైర్లు అమ్మడం, బిగించడం, చక్రాల అలైన్‌మెంట్ (అవి నిలిచే కోణం, దిశ) సరిచేయడం నా వృత్తి. తొలకరి పడింది మొదలు సంక్రాంతి దాటేదాకా మా షాపుకు వచ్చే కార్ల యజమానులు అడిగే ప్రశ్నల్లో చాలావాటి వెనుక ఏదో ఒక అపోహ ఉంటుంది. వాటిలో కొన్ని డబ్బు దండగ చేయించి ఊరుకుంటాయి, కొన్ని మాత్రం ప్రాణం మీదికి తెస్తాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జూన్‌లో మొదలైన వాన సెప్టెంబరుతో ఆగిపోదు. దసరాకు అటూ ఇటూ తుపాన్ల కాలం వస్తుంది. 2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటిన గులాబ్ ఈ ప్రాంతాన్ని ఏం చేశాయో ఇక్కడివారికి ఎవరూ గుర్తుచేయనక్కరలేదు. తుపాన్ల కాలం వెళ్లాక పొగమంచు మొదలై, రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి తెల్లవారుజామున చెమ్మగానే ఉంటుంది. అందువల్ల ఇక్కడ కారుకు టైరు ఎంచుకునేవారు అది ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుందని అడిగే ముందు, తడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందని అడగాలి.

అపోహ: చలికాలానికి వింటర్ టైర్లు వేయించుకోవాలి

మంచు కురిసే దేశాల వీడియోలు చూసి ఈమధ్య ఈ ప్రశ్న అడిగేవారు పెరిగారు. వింటర్ టైరు ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి పడిపోయినప్పుడు కూడా బిగుసుకుపోకుండా మెత్తగా ఉండేలా కలిపిన రబ్బరుతో తయారవుతుంది. దాని సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) మీద మూడు శిఖరాల కొండ, అందులో మంచురేకు ఉన్న గుర్తు ఉంటుంది. మన మైదాన ప్రాంతంలో జనవరి తెల్లవారుజామున కూడా ఉష్ణోగ్రత 7 డిగ్రీల దరిదాపులకు రాదు. ఆ మెత్తని రబ్బరు మన మధ్యాహ్నపు ఎండలో మరీ మెత్తబడి, బ్రేకు వేసినప్పుడు గాడుల మధ్య దిమ్మలు పక్కకు వంగిపోయి, కారు ఆగే దూరాన్ని పెంచుతుంది, టైరు కూడా త్వరగా అరుగుతుంది. ఎస్.కోట ఘాట్ మీదుగా అరకుకో, లేదంటే లంబసింగికో చలికాలంలో ఒకటి రెండు సార్లు వెళ్లివచ్చేవారికి కూడా మంచి వానాకాలపు టైరే సరిపోతుంది. ‘ఎం ప్లస్ ఎస్’ (బురద, మంచు అని అర్థం) అని మాత్రమే ఉన్న టైరును వింటర్ టైరుగా భావించనక్కరలేదు. ఆ అక్షరాలు తయారీదారు సొంతంగా వేసుకునేవి, వాటి వెనుక మంచు మీద చేసిన పరీక్ష ఏదీ ఉండనవసరం లేదు.

చలికాలంలో మన కార్లకు నిజంగా జరిగేది మరొకటి ఉంది. ఉష్ణోగ్రత ఐదారు డిగ్రీలు తగ్గితే టైరులో గాలి దాదాపు ఒక పీఎస్ఐ (గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం) తగ్గుతుంది. టైరు ఎంత బాగున్నా నెలకు ఒక పీఎస్ఐ వరకు దానంతట అదే తగ్గడం కూడా మామూలే. దసరాకు గాలి కొట్టించి మళ్లీ చూడకుండా సంక్రాంతికి ఊరు బయలుదేరిన కారు నాలుగైదు పీఎస్ఐ తక్కువతో పొగమంచులోకి వెళుతోందని అర్థం. వింటర్ టైర్ల గురించి అడిగేవారికి నేను ముందుగా గాలి చూపించుకోమని చెబుతాను.

అపోహ: గాడులు కనిపిస్తున్నాయి కదా, ఈ వానాకాలం కూడా లాగించవచ్చు

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. టైరు ముఖాన్ని దగ్గరగా చూస్తే పొడవాటి గాడుల అడుగున, చుట్టూ అక్కడక్కడా, చిన్న అడ్డగట్లు ఉంటాయి. సైడ్‌వాల్ పైఅంచున ‘టీడబ్ల్యూఐ’ అనే అక్షరాలో చిన్న త్రికోణమో ఉన్న చోటి నుంచి నేరుగా గాడిలోకి చూస్తే అవి దొరుకుతాయి. టైరు అరిగి ముఖం ఆ గట్లతో సమానమైందంటే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరినట్లు. కార్లకు మన మోటారు వాహనాల నిబంధనలు అనుమతించే చివరి హద్దు అదే. కొత్త టైరులో ఆ లోతు సుమారు 7 నుంచి 8 మిల్లీమీటర్లు ఉంటుంది.

గాడుల పని పట్టు ఇవ్వడమని చాలామంది అనుకుంటారు. పొడి రోడ్డు మీద పట్టు ఇచ్చేది రబ్బరే. తడి రోడ్డు మీద టైరు కిందికి వచ్చిన నీటిని పక్కకు, వెనక్కు తోసి, రబ్బరుకు రోడ్డును అందించడం గాడుల పని. ఒక చిన్న లెక్క వేసి చూడండి. రోడ్డును తాకే టైరు వెడల్పు 14 సెంటీమీటర్లు, రోడ్డు మీద నిలిచిన నీరు 2 మిల్లీమీటర్లు, కారు వేగం గంటకు 80 కిలోమీటర్లు అనుకుంటే, ఒక్కొక్క టైరు సెకనుకు దాదాపు 6 లీటర్ల నీటిని తన దారి నుంచి తప్పించాలి. లోతు 7 మిల్లీమీటర్లున్న గాడి చేయగలిగిన ఆ పనిని 2 మిల్లీమీటర్ల గాడి చేయలేదు. తప్పించలేని నీరు టైరు ముందు పోగై, దాన్ని రోడ్డు నుంచి పైకి లేపుతుంది. అప్పుడు స్టీరింగ్ చేతిలో ఉన్నట్టుండి తేలికవుతుంది, బ్రేకు నొక్కినా కారు తన దారిన తాను పోతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది కదా అని ధైర్యపడటానికి కూడా వీల్లేదు, ఎందుకంటే ఏబీఎస్ ఉన్న పట్టును సరిగ్గా వాడుకునేలా చూస్తుందే తప్ప లేని పట్టును పుట్టించలేదు.

చట్టం 1.6 వరకు ఒప్పుకున్నా, మన వానలకు 3 మిల్లీమీటర్ల దగ్గరే టైరు మార్చేయమని నేను చెబుతాను. మే నెలలో గాడి లోతు కొలిచే గేజ్ పెట్టి చూసినప్పుడు 3కు దగ్గరగా ఉన్న టైరు తుపాన్ల నాటికి ఏ స్థితికి వస్తుందో ముందే లెక్కించుకోవచ్చు.

లోతును ఒక్కచోట చూసి సరిపెట్టుకోకూడదు. కారును లిఫ్టు మీదికి ఎక్కించి, ముందు చక్రం లోపలి అంచు మీద అరచేత్తో తడిమితే, బయటి నుంచి ఎంతో బాగున్న టైరు లోపలి వైపు రెండు వేళ్ల వెడల్పున నున్నగా అరిగి, ఇంకొన్నాళ్లు తిరిగితే లోపలి తీగలు బయటపడే స్థితిలో ఉండటం తరచుగా కనిపిస్తుంది. గుంతలో పడి అలైన్‌మెంట్ తప్పిన కారు యజమానికి ఈ అరుగుదల పైనుంచి కనిపించదు. ఇంటి దగ్గరైతే స్టీరింగ్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, బండి ఆపి, చక్రం వెనుక వైపు చెయ్యి పెట్టి చూసుకోవచ్చు.

అపోహ: వానలో గాలి కొంచెం తగ్గిస్తే టైరు రోడ్డును బాగా పట్టుకుంటుంది

ఇసుకలో, బురదలో కూరుకుపోయిన బండిని బయటికి తీసేటప్పుడు గాలి తగ్గించడం సరైన పనే. ఆ అనుభవాన్ని తారు రోడ్డుకు వర్తింపజేయడం వల్ల వచ్చిన పొరపాటు ఇది. గాలి తగ్గిన టైరు ముఖం మధ్యలో లోపలికి కుంగి, గాడులు మూసుకుపోయి, నీటిని తోసే శక్తి కోల్పోతుంది. 1960లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా విమానాల టైర్ల మీద చేసిన పరిశోధనల్లో, నిండా నీరున్న రన్‌వే మీద టైరు తేలిపోయే వేగం అందులోని గాలి ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి ఉంటుందని తేలింది. ఆ సూత్రం ప్రకారం 32 పీఎస్ఐ ఉన్న టైరు సుమారు 94 కిలోమీటర్ల వేగం దగ్గర తేలితే, 24 పీఎస్ఐ ఉన్నది సుమారు 82 దగ్గరే తేలుతుంది. కారు టైరులో అరుగుదలను, వెడల్పును, నీటి లోతును బట్టి ఈ అంకెలు మారతాయి గానీ, గాలి తగ్గితే ముప్పు తక్కువ వేగంలోనే వస్తుందన్న విషయం మారదు.

అలాగని ఎక్కువ కొట్టించడం కూడా సరికాదు. డ్రైవర్ తలుపు పక్కన ఉండే స్టిక్కర్ మీద కంపెనీ ఇచ్చిన అంకెను, బండి చల్లగా ఉన్నప్పుడు, నిండా మనుషులతో వెళుతుంటే దానికి తగినదాన్ని పాటిస్తే చాలు. నైట్రోజన్ గురించి కూడా అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంటుంది. నైట్రోజన్ నింపితే ఒత్తిడి కాస్త నిదానంగా తగ్గుతుంది, తడి రోడ్డు మీద పట్టుకు దానితో సంబంధం లేదు.

అపోహ: రెండే కొత్తవి కొంటే ముందు చక్రాలకు వేయాలి

మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజిన్ ముందు చక్రాలనే తిప్పుతుంది, స్టీరింగ్ తిరిగేదీ అవే, బ్రేకు భారం ఎక్కువగా పడేదీ వాటి మీదే. అందువల్ల కొత్త టైర్లు ముందుకు వేయమని అడగడం సహజంగానే తోస్తుంది, చాలా షాపులు అలాగే వేసి పంపిస్తాయి. అయినా టైర్ల తయారీదారులు, ఇంజినీర్లు చెప్పేది దీనికి పూర్తిగా వ్యతిరేకం: ఎక్కువ లోతున్న టైర్లు ఎప్పుడూ వెనుకే ఉండాలి, బండి ముందు చక్రాలతో నడిచేదైనా, వెనుక చక్రాలతో నడిచేదైనా సరే.

కారణం ఇది. నిలువ నీటి మీద ముందు టైర్లు పట్టు తప్పితే కారు మలుపులో తిరగకుండా నేరుగా పోజూస్తుంది. స్టీరింగ్ తేలికైన సంగతి డ్రైవర్‌కు వెంటనే తెలుస్తుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే వేగం తగ్గి, చాలాసార్లు పట్టు తిరిగి దొరుకుతుంది. వెనుక టైర్లు ముందుగా పట్టు తప్పితే ఏ సూచనా లేకుండా కారు తోక పక్కకు జారి బండి గిర్రున తిరుగుతుంది. అప్పుడు భయపడి కాలు తీసినా, బ్రేకు వేసినా బరువు ముందుకు వాలి, వెనుక భాగం ఇంకా తేలికై, జారుడు పెరుగుతుంది. దాన్ని స్టీరింగ్‌తో సరిదిద్దే నేర్పు మామూలు డ్రైవర్లకు ఉండదు, ఉండాలని ఆశించనూ కూడదు. జాతీయ రహదారి మీద వంతెన దిగే మలుపుల దగ్గర, ఒక పక్క నీరు నిలిచే చోట ఈ తేడా తెలిసివస్తుంది.

కొత్తవి వెనుక వేస్తే పాతవి ముందు మరింత త్వరగా అరుగుతాయి కదా అని అడిగేవారి మాట నిజమే. దానికి మందు ఎనిమిది, పది వేల కిలోమీటర్లకు ఒకసారి ముందు చక్రాలను వెనక్కు, వెనుకవాటిని ముందుకు మార్చి వేయించుకోవడం. అలా చేస్తే నాలుగూ సమానంగా అరిగి, నాలుగూ ఒకేసారి కొనే అవకాశం వస్తుంది. సైడ్‌వాల్ మీద తిరిగే దిశను చూపే బాణం గుర్తున్న టైర్లను మాత్రం ఒకే పక్కన ముందుకూ వెనక్కూ మార్చాలి. అవి తిరగబడి అమరితే నీటిని తోసే గాడులు సరిగ్గా పనిచేయవు.

అపోహ: టైరు ఎంత వెడల్పయితే వానలో అంత భద్రం

పొడి రోడ్డు మీద కొంత నిజం, నీటి మీద అబద్ధం. వెడల్పు పెరిగేకొద్దీ తోయవలసిన నీరు పెరుగుతుంది, అదే బరువు ఎక్కువ వెడల్పు మీద పరచుకుంటుంది. అందం కోసం సైజు పెంచేవారు కంపెనీ ఒప్పుకున్న సైజుల్లోనే ఎంచుకోవాలి. సైజు పక్కన ఉండే అంకెనూ అక్షరాన్నీ కూడా చూడాలి. ఉదాహరణకు 85టీ అంటే ఆ టైరు 515 కిలోల బరువు, 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని అర్థం. కంపెనీ ఇచ్చినదాని కంటే తక్కువ అంకె ఉన్న టైరు చవగ్గా దొరికినా వేయించకూడదు.

అపోహ: ఎక్కువ కాలం మన్నే టైరే మంచి టైరు

గట్టి రబ్బరు ఎక్కువ కాలం మన్నుతుంది, తడి రోడ్డును పట్టుకునేది మెత్తని రబ్బరు. ఈ రెండింటి మధ్య వైరాన్ని తగ్గించేందుకే తయారీదారులు రబ్బరులో సిలికా కలపడం మొదలుపెట్టారు. కొన్ని టైర్ల సైడ్‌వాల్ మీద ‘ట్రెడ్‌వేర్’ అని ఒక అంకె, ‘ట్రాక్షన్’ అని ఒక అక్షరం ఉంటాయి. మన కొనుగోలుదారులు అంకెను చూసి మురిసిపోయి అక్షరాన్ని వదిలేస్తారు. తడి తారు, తడి సిమెంటు రోడ్ల మీద చక్రం బిగుసుకునేలా బ్రేకు వేసి కొలిచిన పట్టును చెప్పేది ఆ అక్షరమే: ‘ఏఏ’ ఉత్తమం, తర్వాత ‘ఏ’, ‘బీ’, చివరికి ‘సీ’. మనకు కావలసింది ‘ఏ’, లేదా అంతకంటే మెరుగైనది. తడి రోడ్డు మీద పట్టు, దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, శబ్దం ఈ మూడింటికీ కనీస ప్రమాణాలు పెడుతూ కేంద్ర రవాణా శాఖ 2022లో నోటిఫికేషన్ ఇచ్చింది. ఐఎస్ఐ గుర్తు లేని టైరును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు.

ఎంత మంచి టైరైనా ఏమీ చేయలేని సందర్భాలు మన రోడ్ల మీద ఉన్నాయి. తొలకరి మొదటి జల్లుకు వేసవి అంతా పేరుకున్న దుమ్ము, ఆయిలు నీటితో కలిసి, రోడ్డు పాచి పట్టిన నూతిగట్టులా జారుతుంది. ఉభాల (వరి నాట్ల) రోజుల్లో దమ్ము చేసిన ట్రాక్టర్లు రోడ్డెక్కిన చోట మెత్తని బురద పరచుకుని ఉంటుంది. కోతలయ్యాక రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, గడ్డి మంచుకు తడిసి జారతాయి. అలాంటిచోట వేగం తగ్గించడం తప్ప మార్గం లేదు.

అపోహ: అరిగిన టైరుకు గాడులు కోయించుకుంటే వానాకాలం గడిచిపోతుంది

కారు టైరుకు ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయించకూడదు. కోసే గాడి మిగిలిన ఆ కొద్ది రబ్బరును తినేసి లోపలి తీగల పొర దాకా పోతుంది. అందులోంచి నీరు దిగితే తీగలు తుప్పు పడతాయి, వేగంలో టైరు పేలుతుంది. సగం ధరకు దొరికే పాత టైర్లలో ఇలా కోసి, నలుపు రంగు పూసినవి ఉంటాయి.

అపోహ: స్టెప్నీ ఒక్కసారి కూడా వాడలేదు, కొత్తదే

రబ్బరు వాడినా వాడకపోయినా ఎండకు, గాలికి గట్టిపడుతుంది. గట్టిపడిన రబ్బరు గాడులు నిండుగా ఉన్నా తడి రోడ్డును పట్టుకోదు. సైడ్‌వాల్ మీద ‘డాట్’ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 3219 అంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైంది. ఐదేళ్లు దాటిన టైరును ఏటా తెలిసినవారితో పరీక్ష చేయించాలి, పక్కల సన్నని పగుళ్లు కనిపిస్తే లోతు చూడకుండానే మార్చేయాలి. కొత్త టైరు కొనేటప్పుడు కూడా ఈ అంకెలు చూశాకే డబ్బు కట్టండి. స్టెప్నీ చిన్న సైజుదైతే దాని మీద సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల హద్దు రాసి ఉంటుంది. వానలో ఆ వేగం కూడా ఎక్కువే కాబట్టి, ఇంకా నిదానంగా దగ్గర్లోని పంక్చర్ షాపు దాకా మాత్రమే దానితో నడపాలి.